‘గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది’ అంటున్నారు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 45. మాది నెల్లూరు, పెళ్లయిన దగ్గర్నుంచి బెంగళూరు మారతహళ్లిలోనే ఉంటున్నాం, ఐటీ కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూస్తాను. ఏడాదిగా నా ఒళ్లు నా మాట వినట్లేదు. రెండు నెలలు పీరియడ్స్ రావు, వస్తే పదకొండు రోజులు ఆగవు. డిసెంబర్ చలికి మా ఆయన రెండు దుప్పట్లు కప్పుకుంటే, నేను ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని కూడా తెల్లవారుజామున మూడింటికి లేచి తడిసిన నైటీ మార్చుకుంటున్నాను. మొన్న ఆఫీసు కాల్‌లో మూడేళ్లుగా నా పక్కనే కూర్చునే అమ్మాయి పేరు నోటికి రాలేదు. పిల్లాడి మీద అరిచి, తర్వాత బాత్రూంలో కూర్చుని ఏడుస్తున్నాను. అమ్మతో చెబితే ‘మేమంతా ఓర్చుకోలేదా’ అంటుంది. దగ్గర్లో ఒక నర్సింగ్ హోమ్‌లో స్కాన్ చేసి, చిన్న ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) ఉంది, గర్భసంచి తీయించేసుకోండి, పీడా పోతుంది, ఇన్సూరెన్స్ కూడా వస్తుంది అన్నారు. వచ్చే నెల 12కి డేట్ ఇచ్చారు. చేయించుకోమంటారా?

జవాబు: ముందు ఆ డేట్ వాయిదా వేయించండమ్మా. ఆపరేషన్ ఎప్పుడూ వద్దని కాదు, కొందరికి అదే సరైన వైద్యం. కానీ మీ ఉత్తరంలో స్కాన్ ఉంది, డేట్ ఉంది, ఇన్సూరెన్స్ కూడా ఉంది, అసలు ఇంత బ్లీడింగ్ ఎందుకవుతోందో మీకు ఎవరైనా చెప్పినట్టు మాత్రం లేదు.

మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే పెరిమెనోపాజ్ లాగే ఉంది. ముట్లు పూర్తిగా ఆగిపోయే ముందు కొన్నేళ్ల పాటు, చాలామందికి నాలుగేళ్ల దాకా, హార్మోన్లు ఒక తీరున ఉండవు. మనవాళ్లలో ముట్లు ఆగే సగటు వయసు 46, 47 దగ్గర, పాశ్చాత్య దేశాల్లో అది 51. కాబట్టి 45కే ఇదేంటి అని కంగారు పడక్కర్లేదు. కొన్ని నెలల్లో అండం విడుదల కాదు, అది కానప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందం చేసుకుంటూ పోతుంది, చివరికి ఆ పొర ఊడినప్పుడు ఒకేసారి వరదలా పోతుంది. రెండు నెలలు రాకపోవడం, తర్వాత పదకొండు రోజులు ఆగకపోవడం, రెండూ ఒకే కథ. రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, కోపం, మతిమరుపు కూడా ఆ హార్మోన్ల గందరగోళంలోంచి వచ్చేవే. నాకూ మొన్నామధ్య ఓపీలో పేషెంట్ ఎదురుగా రోజూ రాసే మందు పేరు గుర్తు రాక ‘అదేనమ్మా, ఆ తెల్ల మాత్ర’ అన్నాను, ఆవిడ నా వంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఇక గర్భసంచి సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 8 నుంచి 9 మంది. మన ఆడవాళ్ల గర్భసంచులే ప్రత్యేకంగా చెడిపోయాయంటే నేను నమ్మను. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకది’ అనే మాట మనిళ్లలో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో మీకూ తెలుసు. దాంతో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, నాలుగేళ్లలో మెల్లగా రావాల్సిన మెనోపాజ్ ఒక్క పూటలో వచ్చి పడుతుంది, ఆవిర్లు (ఒళ్లు ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టడం) ఇంకా పెరుగుతాయి, ఎముకలకీ గుండెకీ నష్టం. అండాశయాలు ఉంచినా కొందరికి అవి ముందే పనిచేయడం మానేస్తాయి. పైగా చిన్న ఫైబ్రాయిడ్లు ఈ వయసులో చాలామందికి ఉంటాయి, ముట్లు ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. మీది ఎక్కడ ఉందన్నది ముఖ్యం. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిందా, బయటి గోడ మీద ఉందా అని రిపోర్ట్ పట్టుకుని అడగండి.

ఈ వారంలోనే ఇంకో గైనకాలజిస్టును కలవండి. ఖర్చు టెన్షన్ అయితే కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణివిలాస్ గవర్నమెంట్ ఆసుపత్రి ఉంది, క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), థైరాయిడ్, షుగర్ చేయించండి. ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా, నవ్వకండి. మీ వయసులో ఇలా క్రమం లేకుండా ఎక్కువగా పోతుంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి, దీన్ని మాత్రం వదలొద్దు, క్యాన్సర్ లేదని తేల్చుకోవాల్సింది దీంతోనే. ఎఫ్ఎస్‌హెచ్ అని హార్మోన్ టెస్ట్ రాస్తే ఎందుకని అడగండి. 45 దాటినవాళ్లకు లక్షణాలు చూసే చెప్పొచ్చు, ఆ అంకె ఈ వారం ఒకటి ఉంటే వచ్చే వారం ఇంకొకటి ఉంటుంది.

వెళ్లేముందు ఒక పని. వంటింట్లో పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీదే బ్లీడింగ్ అయిన రోజుకి సున్నా చుట్టి, పక్కన ఎన్ని ప్యాడ్లో, చెమటతో ఎన్నిసార్లు లేచారో రాయండి. ‘చాలా ఎక్కువ పోతోంది డాక్టర్’ అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది, ‘ఆదివారం తొమ్మిది ప్యాడ్లు’ అంటే ఎవరైనా పెన్ను కింద పెట్టి వింటారు. గంట గంటకీ ప్యాడ్ నిండిపోతున్నా, పది రూపాయల బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా క్యాలెండర్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

వైద్యం విషయానికొస్తే, బయాప్సీ బాగుంటే ఆపరేషన్ కంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. బ్లీడింగ్ అయ్యే రోజుల్లో అది తగ్గడానికి వేసుకునే ట్రనెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ కాయిల్ ఉంది. కాయిల్ ఐదేళ్లు పనిచేస్తుంది, చాలామందికి బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది. రక్తం తక్కువుంటే ఐరన్ వేసుకోండి, మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ టీలు వద్దు. మీ మతిమరుపులో, నీరసంలో ఐరన్ లోపం వాటా ఎంతో అది సరిచేశాకే తెలుస్తుంది. అమ్మ మాటకి బాధపడకండి, వాళ్లకి చెప్పుకోడానికి మనిషి లేక ఓర్చుకున్నారు.

ప్రశ్న: ఆవిర్లకి హార్మోన్ మందులు రాశారు. వాడితే బ్రెస్ట్ క్యాన్సర్ వస్తుందని మా అపార్ట్‌మెంట్‌లో అంటున్నారు. నిజమా? (49, బీటీఎం లేఅవుట్)

జవాబు: ఆ భయం అమెరికాలో 2002లో మధ్యలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులోని ఆడవాళ్ల సగటు వయసు 63. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రకం మందు రెండూ కలిపి వాడినవాళ్లలో ఏడాదికి పది వేల మందికి 8 బ్రెస్ట్ క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. అంటే ముప్పు ఉంది, కానీ పక్క ఫ్లాట్ ఆవిడ చెప్పినంత కాదు. 60 లోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటనివాళ్లకి ఆవిర్లు బాగా ఇబ్బంది పెడుతుంటే, సాధారణంగా లాభమే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టిరాన్ తోడు ఉండాలి. మాత్ర కంటే చర్మానికి రాసే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. ఇదివరకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చినా, కాళ్లలో గడ్డ కట్టినా, కారణం తేలని బ్లీడింగ్ ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పేయండి, అలాంటివాళ్లకి హార్మోన్లు లేని మందులు వేరే ఉన్నాయి.

ప్రశ్న: నా భార్యకి 47. ఏమన్నా కయ్యిమంటోంది, పడక వేరు చేసింది. సైకియాట్రిస్టు దగ్గరికి పోదామంటే మదనపల్లె పుట్టింటికి పోతానంటోంది. ఏం చేయాలి? (కె.ఆర్.పురం)

జవాబు: ‘నీకు పిచ్చి, పద’ అన్నట్టు వినిపించి ఉంటుందండీ, నేనైతే ఆ పూటే బస్సెక్కేదాన్ని. పడక వేరు చేయడానికి కోపమే కారణం అనుకోకండి. ఈ వయసులో యోని పొడిబారి కలయిక నొప్పిగా మారుతుంది, ఆ మాట మొగుడితో చెప్పలేక దూరం జరిగేవాళ్లే ఎక్కువ. దానికి లూబ్రికెంట్లు, డాక్టర్ రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. ముందు గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, లోపల ఆవిడ్నే మాట్లాడనివ్వండి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేదు, బతకాలనిపించట్లేదు లాంటి మాటలు వస్తే మాత్రం ఆలస్యం వద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, మన ఊళ్లో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఉండనే ఉంది.

ప్రశ్న: నాకు 38. ఐదు నెలలుగా పీరియడ్స్ రాలేదు. పెరిమెనోపాజేనా?

జవాబు: ఈ వయసులో ఆ పేరు పెట్టి ఊరుకోకూడదు. ప్రెగ్నెన్సీ, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) చూడాలి, మీకైతే ఎఫ్ఎస్‌హెచ్ కూడా కావాలి, నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు. 40 లోపే అండాశయాలు నెమ్మదించాయని తేలితే, మామూలుగా ముట్లు ఆగే వయసు వరకు హార్మోన్లు వాడటం ఎముకల కోసం అవసరం.

ప్రశ్న: 48 ఏళ్లు. పీరియడ్స్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక గర్భం రాకుండా జాగ్రత్తలు అక్కర్లేదు కదా?

జవాబు: కావాలి. పన్నెండు నెలలు వరుసగా రాకపోతేనే మెనోపాజ్ అంటాం, పదకొండో నెలలో కనిపించినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. 50 లోపు ఆగినవాళ్లు ఆఖరిసారి వచ్చిన దగ్గర్నుంచి రెండేళ్లు, 50 దాటాక ఆగినవాళ్లు ఏడాది జాగ్రత్త పడాలి.