చంద్ర పర్వతాలు నిజంగా ఉన్నాయా? అక్కడికి ట్రెక్కింగ్‌కు వెళ్లవచ్చా?

ఉన్నాయి, వెళ్లవచ్చు. నైలు నదికి నీరిచ్చే ‘చంద్ర పర్వతాల’ గురించి రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాశాడు. అవి ఉగాండా, కాంగో సరిహద్దులోని రువెంజోరి కొండలేనని చాలామంది నమ్మకం. భూమధ్యరేఖ పక్కనే మంచు ఉందంటే 19వ శతాబ్దపు ఐరోపా వారికి ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. కొండ కింద ఉండే కొంజో ప్రజలకు మాత్రం అందులో వింతేమీ లేదు. వారి దేవుడు కితసాంబ నివాసం ఆ మంచులోనే.

ఇది కిలిమంజారోలా అగ్నిపర్వతం కాదు. భూమి పొరలు చీలినప్పుడు పైకి లేచిన పాత రాతి దిమ్మె. అత్యున్నత శిఖరం మార్గరీటా ఎత్తు 5,109 మీటర్లు. 1906లో ఇటలీకి చెందిన అబ్రూజీ డ్యూక్ బృందం మొదటిసారి ఎక్కింది.

నన్నడిగితే శిఖరం కన్నా దారిలోని మొక్కలే అబ్బురం. మనిషి ఎత్తును మించిన లొబీలియా మొక్కలు, చెట్లంత పెరిగిన గ్రౌండ్‌సెల్‌లు కనిపిస్తాయి. గ్రౌండ్‌సెల్ ఎండిన ఆకులను రాల్చదు. రాత్రి చలికి మాను గడ్డకట్టకుండా వాటినే గొంగళిలా చుట్టుకుని నిలబడుతుంది.

నడక దాదాపు వారం రోజులు, సగం బురదలోనే. ఖరీదైన ట్రెక్కింగ్ బూట్ల కన్నా మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లే ఇక్కడ ఆదుకుంటాయి. జనవరి, ఫిబ్రవరి, జులై నెలల్లో వాన కాస్త తక్కువ. తక్కువే, అసలు ఉండదని కాదు.