మావారి బయోడీజిల్ సామగ్రిని ఆయనకు తెలియకుండా అమ్మేయనా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాము. మావారు 2007లో ఒక పాత వాటర్ హీటరుతో, పంపుతో, డ్రమ్ములతో మా గ్యారేజీలో బయోడీజిల్ (వాడిన వంటనూనెతో చేసే, డీజిల్‌కు బదులుగా వాడే ఇంధనం) తయారుచేసే సామగ్రిని స్వయంగా అమర్చుకున్నారు. ఆ ఇంధనంతో తిరిగిన కారును అమ్మి ఎనిమిదేళ్లయింది కానీ డ్రమ్ములు అంగుళం కదలలేదు, వాటిలో కొన్ని ఖాళీగా కూడా లేవు. రెండు నెలల్లో మా అమ్మాయి పురిటికి వస్తోంది, ఆ గ్యారేజీ పక్కన పడుకోవాలంటేనే నాకు భయంగా ఉంది. పాత ట్రాక్టరు ఉన్న ఒక రైతు 600 డాలర్లు ఇచ్చి అంతా తీసుకువెళతానంటున్నాడు. మావారు అత్తగారిని చూసుకోవడానికి గుంటూరు వెళ్లారు, వచ్చే నెలలో తిరిగి వస్తారు. ఎప్పుడు అడిగినా "అది నా చెమట" అంటారు. ఈలోగా అమ్మేస్తే తప్పా?

జవాబు: అమ్మడం తప్పు కాదు, ఆయన ఊళ్లో లేని సమయం చూసి అమ్మడం తప్పు. మీకు తోడుగా ఉండవలసిన న్యాయం అంతా ఆ ఒక్క పనితో ఆయన పక్షానికి పోతుంది. ఆ తర్వాత ఏ చిన్న మాటకైనా గ్యారేజీ ప్రస్తావన వస్తుంది, అది మనుమడో మనుమరాలో ఇంట్లో ఉన్న రోజుల్లోనే వస్తుంది.

ఆయన "చెమట" అన్న మాటను మీరు మొండితనంగా మాత్రమే తీసుకున్నట్టున్నారు. 2008 జూలైలో అమెరికాలో గ్యాలను డీజిల్ సగటు ధర 4.70 డాలర్లు దాటినప్పుడు, హోటళ్లలో వాడి పారేసే నూనెను అడిగి తెచ్చుకుని, వడకట్టి, మిథనాల్ అనే మండే ద్రవమూ కాస్టిక్ అనే ఘాటైన క్షారమూ కలిపి, అడుగున పేరుకున్న గ్లిజరినును వేరుచేసి ఇంటి బండిని నడిపిన మనిషికి అది తన తెలివికి దక్కిన ఫలం. తర్వాత కాలమే మారింది. 2007 నుంచి వచ్చిన డీజిల్ కార్లలో పొగను వడకట్టే ఫిల్టర్లు పెట్టడంతో వాటికి ఇంట్లో చేసిన ఇంధనం సరిపడడం కష్టమైంది, హోటళ్ల వాడిన నూనెకు కూడా కొనేవాళ్లు పుట్టారు. ఆయన ఓడిపోయి మానలేదని మీ నోటితో ఒక్కసారి అనండి. ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అని ఉండరని నా ఊహ.

అయితే భయం విషయంలో మీరు చెప్పేదే సరైనది, అక్కడ మెత్తబడవద్దు. డ్రమ్ముల్లో మిథనాల్ మిగిలి ఉంటే అది టెక్సాస్ ఎండకు వేడెక్కిన గ్యారేజీలో ఆవిరవుతుంది, ఆ ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుంది, పగటి వెలుగులో దాని మంట సరిగ్గా కనిపించదు కూడా. మీ ఇంటి గ్యాస్ వాటర్ హీటరు కూడా ఆ గ్యారేజీలోనే ఉంటే ఇది ఇంకా తొందరపడవలసిన విషయం. మిథనాల్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరే విషం, కాస్టిక్ ఒళ్లు కాలుస్తుంది. అందువల్ల మీరుగానీ అమ్మాయిగానీ ఆ మూతలు తీయవద్దు, కాలువలోనో పెరట్లోనో ఒలకబోయవద్దు. ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రం మీ కౌంటీలోనో నగరంలోనో ఉందేమో ఫోనులో కనుక్కుని, ఏ పదార్థం ఎంత ఉందో ముందే చెప్పండి. నూనె పీల్చిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు కనుక వాటి సంగతి కూడా అడగండి.

ఇక ఆ రైతుతో బేరం. 600 డాలర్లు తక్కువా ఎక్కువా అన్న లెక్కలోకి నేను వెళ్లను, గ్యారేజీ ఖాళీ కావడమే మీకు దక్కే లాభం. ఖాళీ చేసి శుభ్రపరిచిన సామగ్రినే అమ్మండి. ఇది ఇంట్లో కట్టినదనీ, తనిఖీ ముద్ర ఏదీ లేదనీ, హీటరు తీగలనూ పాత రబ్బరు గొట్టాలనూ మార్చుకోకుండా వాడకూడదనీ కాగితం మీద రాసి ఆ రైతు సంతకం తీసుకోండి. మిగిలిన బయోడీజిల్‌ను మాత్రం ఇంధనంగా అమ్మవద్దు, దానికి రిజిస్ట్రేషను, నాణ్యతా ప్రమాణాలు, పన్ను అనే వేరే చిక్కులున్నాయి.

మీకు రాత్రి తొమ్మిదయ్యేసరికి గుంటూరులో తెల్లవారి ఉంటుంది. అప్పుడు ఫోను చేసి అమ్మకం మాటతో మొదలుపెట్టకుండా, ఏ డ్రమ్ములో ఏముంది, ఏ వాల్వు దేనిది అని అడిగి రాసుకోండి. అది ఆయన ఒక్కరే చెప్పగల సంగతి. చెబుతున్నకొద్దీ ఆయన ఆ గ్యారేజీలోకి మనసులో తిరిగి వస్తారు. అప్పుడు అమ్మాయి రాక గురించి, ఆ గ్యారేజీ పక్కన పడుకోవడానికి మీరు పడుతున్న భయం గురించి చెప్పి, రైతు సంగతి చివర చెప్పండి. ఆయన "నేను వచ్చాక నేనే విప్పి, అతనికి నడిపే పద్ధతి చూపించి ఇస్తాను" అంటే ఒప్పుకోండి, ఆ నెల రోజులు ఆగమని రైతును అడగండి. డ్రమ్ముల్లోని ద్రవాలు మాత్రం ఆ నెల కూడా ఆగకూడదు. ఆయనకు అర్థమయ్యే భాషలో, ఆయన చెప్పిన జాబితానే చేతిలో పెట్టుకుని, ఆ మాట ఆ ఫోనులోనే ఖాయం చేసుకోండి.