క్లినిక్‌లో గలగలా, ఇంట్లో నత్తి: కొలిచేదెలా?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. నాలుగు నెలలుగా నత్తి పడుతున్నాడు. స్పీచ్ థెరపిస్టు దగ్గర మాత్రం గలగలా మాట్లాడేశాడు. "ఇంట్లో ఎలా ఉందో వారం రోజులు కొలిచి తీసుకురండి" అన్నారు. ఎలా కొలవాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఈ వయసులో నత్తి పూటపూటకీ మారుతుంది. పొద్దున అసలు లేనిది సాయంత్రానికి మాట మాటకీ రావచ్చు. అందుకే ఒక్క రికార్డింగ్‌ను నమ్మకండి. వారంలో కనీసం మూడు వేర్వేరు సందర్భాల్లో, పదేసి నిమిషాలు తీయండి: అన్నం తినేటప్పుడు, ఆటలో, అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు. టీవీ, ఫ్యాను ఆపండి. ఫోను బాబుకు మూరెడు దూరంలో, వాడి కంట పడకుండా పెట్టండి. "ఇదేంటి, అదేంటి" అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాడు, నత్తి బయటపడదు. వాడి ఆటలో మీరూ చేరితే పొడుగు వాక్యాలు వాటంతటవే వస్తాయి.

లెక్క విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. మన అక్షరం దాదాపు ఒక పలుకే (సిలబుల్). బాబు అన్నది అన్నట్టుగా రాసి, అక్షరాలు లెక్కపెడితే చాలు. "నాన్నా, నా నా నాకు బ్..బంతి ఇవ్వు" అన్నాడనుకోండి. చెప్పదలచింది "నాన్నా, నాకు బంతి ఇవ్వు", అంటే 8 అక్షరాలు. నత్తి పడ్డవి "నా", "బం", రెండే. తిరిగి తిరిగి వచ్చిన "నా"లను మొత్తంలో కలపకూడదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పొల్లును విడిగా లెక్కించొద్దు: "బస్" ఒకటి, "బస్సు" రెండు. కనీసం 300 అక్షరాలు ఉండాలి. 312లో 15 చోట్ల నత్తి పడితే 15ను 100తో హెచ్చించి 312తో భాగించండి: వందకు 4.8.

పలుకు తిరిగి రావడం, "మ్మ్‌మ్మామిడి" అని సాగడం, గొంతు బిగుసుకుని మాట ఆగిపోవడం నత్తి కిందకొస్తాయి. "ఊఁ", "మరే", "నేను వెళ్లి.. నేను వెళ్లి" లాంటివి చిన్నపిల్లల మాటల్లో మామూలే. "వద్దు వద్దు", "గబగబా" అన్నవీ నత్తి కావు, మన భాష తీరే అంత. మాట ఆగిపోయినప్పుడు రికార్డింగ్‌లో నిశ్శబ్దమే వినిపిస్తుంది కాబట్టి ఒక్కసారైనా వీడియో తీయండి. బిగిసిన పెదవులు అందులోనే తెలుస్తాయి.

రోజూ ఇంత లెక్క అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోమ్ చికిత్సలో తల్లిదండ్రులు రోజుకో అంకె వేస్తారు: నత్తి లేకపోతే 0, అతి తీవ్రమైతే 9. ఆ రోజు మొత్తాన్ని తలచుకుని రాత్రి ఒకరే వేయాలి. మొదట్లో మీవారు కూడా విడిగా వేసి చూడండి. అంకెల మధ్య తేడా ఒకటి దాటితే ఇద్దరూ కూర్చుని రికార్డింగ్ మళ్లీ వినండి.

వందకు మూడు, అంతకు మించి వస్తుంటే అది సాధారణ తడబాటు కాకపోవచ్చు. కానీ అంకె తక్కువైనా బాబు మాటకు ముందు తొడ కొట్టుకుంటున్నా, "నాకు మాట రావట్లేదమ్మా" అని మధ్యలో మానేస్తున్నా వారం పూర్తయ్యేదాకా ఆగకండి. ఉన్న రికార్డింగులతోనే థెరపిస్టు దగ్గరికి వెళ్లండి.