షబానాకు, ఆ అయిదు స్కెచ్‌లు చూశాక

షబానా తల్లీ,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, అందుకే రాస్తున్నాను.

ముస్లిం ఆడవాళ్ల మీద జనానికున్న అపోహలు పోయేలా బొమ్మలు, పాటలు కలిపి ఒక ప్రదర్శన చేస్తానన్నావు. మంచిదే. కానీ నువ్వు పంపిన అయిదు స్కెచ్‌లలో నాలుగు ఏంటో చూసుకున్నావా? నల్ల బురఖా, పంజరం, కంట్లో నీళ్లు, తెగిన గొలుసు. అవి వాళ్ల బుర్రలో ముందే ఉన్న బొమ్మలు. నువ్వు కష్టపడి మళ్లీ గీసిచ్చావు, అంతే.

బురఖా గీయొద్దనను. గీస్తే మీ పక్కింటి ఆంటీది గీయి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీ బజార్లో గంటసేపు బేరమాడి కొన్నది, మోచేతి దగ్గర వెలిసిపోయింది, జేబులో బస్‌పాసు. నలుపంతా ఒకే నలుపు కాదని రంగులు కలిపే నీకు నేను చెప్పాలా? అది ఎవరిదో వీధిలోవాళ్లు గుర్తుపట్టగలిగితే బొమ్మ కుదిరినట్టే.

మన సంగతే తీసుకో. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాతో ఇప్పటికీ "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అంటారు. ఒకప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు "మీరూ బాగానే మాట్లాడుతున్నారు" అంటున్నాను. ఇలాంటిది పాటలో పెట్టు. ముందు నవ్వుతారు, ఇంటికెళ్లాక గుచ్చుకుంటుంది.

పాటలకి వేరే ఎక్కడికీ పోనక్కర్లేదు. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే ఢోలక్ కే గీత్ ఉన్నాయి కదా. సాంచక్ రాత్రి, అదే పెళ్లికి ముందు మగపెళ్లివారు పెళ్లికూతురికి కానుకలు తెచ్చే రాత్రి, దక్కనీలో, అంటే మన హైదరాబాదీ ఉర్దూలో, అత్తనీ ఆడబిడ్డనీ పెళ్లికొడుకునీ ఎలా ఉతికి ఆరేస్తారో విను. ముస్లిం ఆడవాళ్లకి నోరు లేదనేవాళ్లని ఒక్క రాత్రి ఆ గదిలో కూర్చోబెట్టాలి (మగవాళ్లని రానివ్వరనుకో). అంతకు ముందు సంగతీ ఉంది. తిరగలి విసురుతూ పాడుకునే చక్కీనామాలు 17వ శతాబ్దంలోనే బీజాపూర్ సూఫీల నుంచి ఇళ్లలోకి వచ్చాయి. పాట హరామ్, మతం ఒప్పదు అనేవాళ్లూ ఉంటారు, కాదనేవాళ్లూ ఉంటారు. ఆ వాదన నీ వేదిక మీద తేలేది కాదు, దిగకు.

పాటలు సేకరించేటప్పుడు వెళ్లగానే ఫోన్ బయటికి తీయకు. ముందు నీకొచ్చిన ముక్క తప్పుగా పాడు. ముసలమ్మలు ఊరుకోలేరు, "అలా కాదే" అంటూ మొత్తం అందుకుంటారు. ఆ తర్వాత రికార్డింగ్‌కి అడుగు. వద్దంటే వద్దే. మాటలు రాసుకుని నీ గొంతుతో పాడుకో.

మౌలాలి గుట్ట కింద మాహ్ లకా బాయి (1768–1824) సమాధికి తప్పక వెళ్లు. ఉర్దూలో గజళ్లు రాసిన మన ఊరి కవయిత్రి. అయితే అందరూ ఆమెని సర్టిఫికెట్‌లా చూపిస్తుంటారు, తవాయిఫ్ (ఆటపాటలతో బతికిన వేశ్య) అన్న మాట మాత్రం మింగేస్తారు. నువ్వు మింగకు. ప్రదర్శన మొత్తం ఆమె నెత్తిన కూడా పెట్టకు.

ఇంకొకటి, నేను సిగ్గుపడే సంగతి. ఒకసారి ఒక సభలో పద్యాలు పాడమని పిలిచి, "బురఖాలో పాడితే ఫొటో బాగుంటుంది మేడమ్" అన్నారు. నేను జన్మలో వేసుకోలేదు. అయినా స్టేజీ మీద ఆశతో పక్కింటావిడది అడిగి తెచ్చుకుని వేసుకున్నాను. మర్నాడు ఎక్కడ చూసినా బురఖా మాటే. ఏ పద్యం పాడానో ఒక్కరూ రాయలేదు. అందుకే పోస్టర్ మీద ఏ ఫొటో, పరిచయంలో ఏ మాటలు, చేతికి ఎంత ఇస్తారు, అన్నీ ముందే అడుగు. "ఎంత ధైర్యమమ్మా!" అని మెచ్చుకుంటే మురిసిపోకుండా, బొమ్మలో ఏం నచ్చిందో చెప్పమను.

ఆదివారం రా. ఆ అయిదో స్కెచ్ పట్టుకురా, గ్యాస్ బండ దొర్లిస్తున్న ఆవిడది. అదొక్కటీ నాకు నచ్చింది. కాకపోతే చెప్పులు రెండూ ఎడమ కాలివే వేశావు.

మీ పెద్దమ్మ