బాలూ కథ రాయబోతున్న మేనకోడలికి

చిట్టీ,

ఉద్యోగానికి ఆర్నెల్లు సెలవు పెట్టి, వందేళ్ల కిందటి దళిత క్రికెటర్, బౌలర్ పల్వంకర్ బాలూ జీవితం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందని ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. పాత పేపర్ల దుమ్ము నీ ఆయాసానికి పడదు. మాస్కు, ఇన్‌హేలరు లేకుండా లైబ్రరీ గడప తొక్కకు.

చూసినదానికల్లా తేదీ, పేజీ నంబరు రాసుకో.

స్కోర్లతో మాత్రం జాగ్రత్త. 1911 ఇంగ్లండ్ టూర్‌లో 114 వికెట్లు అనగానే చదివేవాళ్లు చప్పట్లు కొట్టి అక్కడే ఆగిపోతారు. ఆ చెయ్యి ఎలా తయారైందో రాయి. పుణెలో తెల్లవాళ్ల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, నెట్స్ కట్టి, అక్కడి బ్యాట్స్‌మన్ గ్రేగ్ దొరకు గంటల తరబడి బంతులేసిన చెయ్యి అది. బ్యాటు మాత్రం ఎవరూ చేతికివ్వలేదు.

అప్పట్లో జట్లు మతాన్ని బట్టి ఉండేవి కదా, హిందువుల జట్టులోకొచ్చాక బాలూ వేసిన బంతిని అందరూ పట్టుకున్నారు. టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి పాత్రలో పోశారు. మన ఊరి చెరువు మైదానంలో నేనిది కళ్లారా చూశాను. అందరికన్నా వేగంగా బంతి వేసే కుర్రాడికి గ్లాసు ఇచ్చేవాళ్లు కాదు. దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. ఆ మట్టి పాత్రను ఒక్క వాక్యంలో దాటేశావో, ఊరుకోను.

హిందువుల జట్టు చేసిన తప్పుకు ఎన్ని పేజీలైనా ఇవ్వు. ఏళ్ల తరబడి గెలిపించినా బాలూను కెప్టెన్ చెయ్యలేదు. 1920 బొంబాయి టోర్నీలో కెప్టెన్ పాయ్‌కి ఒంట్లో బాగోకపోతే ఆ చోటు బాలూకివ్వలేదు సరికదా, జట్టులోంచే తీసేశారు. తమ్ముళ్లు శివరామ్, విఠల్ మేమూ ఆడం అని బయటికొచ్చేశారు. గొడవయ్యాక ఫైనల్‌కు బాలూను వైస్ కెప్టెన్ చేశారు. పాయ్ కాసేపు మైదానం వదిలి వెళ్లి, జట్టును అతని చేతిలో పెట్టాడు. 1923లో విఠల్ కెప్టెనయ్యేనాటికి అన్న ఆట ముగిసిపోయింది. దీన్ని మెత్తగా రాయకు తల్లీ, కోపం వస్తే రానీ.

ఇంకొకటి. 1937 ఎన్నికల్లో అంబేద్కర్ మీద కాంగ్రెస్ తరఫున నిలబడి బాలూ ఓడిపోయాడు. నీ అభిమానం కొద్దీ దాన్ని దాచేస్తావేమోనని నా భయం. దాచకు. ఒకప్పుడు బాలూను చూసి గర్వపడ్డ మనిషి అంబేద్కర్. వాళ్లిద్దరూ ఎదురెదురుగా ఎందుకు నిలబడాల్సొచ్చిందో రెండు వైపుల నుంచీ రాయి. ముందు ఆ అధ్యాయమే నాకు పంపు. పుణె ఖర్చులకు డబ్బు వేస్తాను, మొహమాటపడకు.

మీ మామయ్య