డబుల్స్ బ్యాడ్మింటన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటడం లేదు. డబుల్స్‌కి మారిస్తే త్వరగా పైకొస్తాడని అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఓడిపోతున్నాడు కదా అని మాత్రం మార్చకండి. ముందు ఎందుకు ఓడుతున్నాడో చూడండి. చేతివేగం బాగుండి, పొడవాటి ర్యాలీల్లో కాళ్లు సహకరించక ఓడుతుంటే డబుల్స్ గురించి ఆలోచించవచ్చు. ఛాతీ ఎత్తులో దూసుకొచ్చే షటిల్‌కి ర్యాకెట్ ఆలస్యంగా లేస్తుంటే మాత్రం అక్కడ ఇంకా కష్టపడతాడు. తేల్చుకోవడం సులువే. మీ అబ్బాయి, ఎదురుగా ఇంకొకరు ఎవరి సర్వీసు గీత వెనక వాళ్లు నిలబడి, పైకి లేపకుండా వరసగా డ్రైవ్‌లు (నెట్ మీదుగా చదునుగా దూసుకెళ్లే షాట్లు) కొట్టాలి. ర్యాకెట్ తల నడుము కిందికి జారకుండా 20 షాట్ల దాకా నిలబెట్టగలిగితే పునాది ఉన్నట్టే.

డబ్బు లెక్కా తెలిసి ఉండాలి. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నడిపే వరల్డ్ టూర్ టోర్నీలో మొత్తం ప్రైజ్‌మనీలో సింగిల్స్ విజేతకు 7 శాతం, డబుల్స్ జోడీకి 7.4 శాతం. అంటే 10 లక్షల డాలర్ల టోర్నీలో సింగిల్స్ విజేతకు 70,000 వస్తే, డబుల్స్‌లో గెలిచిన ఒక్కొక్కరికి 37,000. విమాన టికెట్లు, ఫిజియో ఖర్చులు మాత్రం సగానికి తగ్గవు.

ప్రశ్న: ప్రాక్టీసులో నా షార్ట్ సర్వీసు చక్కగా పడుతుంది. మ్యాచ్‌లో మాత్రం నెట్‌కి జానెడు పైన లేస్తోంది, అవతలివాళ్లు మీదపడి కొట్టేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: మ్యాచ్‌లో తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది. బిగిసిన మణికట్టు షటిల్‌ని నెట్టదు, ఎగరేస్తుంది. బ్యాక్‌హ్యాండ్ సర్వీసులో బొటనవేలు గ్రిప్ వెడల్పు వైపు ఆని ఉండాలి, మిగతా వేళ్లు వదులుగా ఉండాలి. షటిల్‌ని ఈక చివర పట్టుకుని తీగలకు దగ్గరగా ఉంచండి, ఎత్తు నుంచి వదలకండి. మోచేతిని ముందుకు నెడుతూ కొట్టండి. షటిల్ మీ వైపే అత్యధిక ఎత్తుకు చేరి, నెట్ దాటేటప్పటికి కిందికి దిగుతుండాలి. నెట్ మీదుగా వెళ్తూ ఇంకా లేస్తుంటే అది అవతలివాళ్లకి బహుమతే.

కొట్టే క్షణంలో షటిల్ మొత్తం 1.15 మీటర్ల కిందే ఉండాలన్నది 2018లో వచ్చిన నిబంధన. ఫౌల్ భయంతో చాలామంది మోకాలి దాకా దించేస్తారు. అంత కిందినుంచి నెట్ దాటించాలంటే షటిల్‌ని నిటారుగా లేపక తప్పదు, అసలు చిక్కు అక్కడే. గోడ మీద 1.15 మీటర్ల దగ్గర టేపు అంటించి, దానికి కాస్త దిగువన కొట్టడం అలవాటు చేసుకోండి. నెట్ పట్టీకి 15 సెంటీమీటర్ల పైన ఒక తాడు కట్టి, రెండింటి మధ్యగా పంపండి. ఎదురుగా రిసీవర్ తప్పనిసరిగా ఉండాలి. ఖాళీ కోర్టులో చేసిన సర్వీసు మ్యాచ్‌లో నిలబడదు.

అప్పుడప్పుడూ అదే కదలికతో ఫ్లిక్ (రిసీవర్ తల మీదుగా వెనక్కి వేసే సర్వీసు) వేస్తేనే రిసీవర్ గీత మీద వాలకుండా ఆగుతాడు. సింగిల్స్ అలవాటున్నవాళ్లు ఇక్కడ పొరబడతారు. డబుల్స్‌లో సర్వీసు హద్దు వెనక గీతకి 76 సెంటీమీటర్లు లోపలే ఉంటుంది. ఏది వేయబోతున్నారో వీపు వెనక వేళ్లతో మీ జోడీ ఆటగాడికి ముందే చెప్పండి, మూడో షాట్ తరచూ తనదే కాబట్టి.

ప్రశ్న: జోడీ మార్చుకుంటే ర్యాంకింగ్ ఏమవుతుంది? కొత్త జోడీని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: డబుల్స్ ర్యాంకు జోడీది, మనిషిది కాదు. గత 52 వారాల్లో ఆ ఇద్దరూ కలిసి ఆడినవాటిలో అత్యుత్తమ 10 ఫలితాలు లెక్కకొస్తాయి. పాత జోడీ ర్యాంకు కొత్తదానికి అలాగే రాదు. అందుకే ఒక్క చెడ్డ టోర్నీ చూసి విడిపోవద్దు.

అలాగని మార్పు కెరీర్‌కి ముగింపేమీ కాదు. ఇండోనేషియా ఆటగాడు హెండ్రా సెతియావాన్ 2008 ఒలింపిక్ స్వర్ణం మార్కిస్ కిడోతో గెలిచాడు. 2013, 2015, 2019 ప్రపంచ టైటిళ్లు మహమ్మద్ అహ్సాన్‌తో గెలిచాడు. చివరిది 35 ఏళ్ల వయసులో. నెట్ దగ్గరి చెయ్యి, చదివే కన్ను కాళ్లకంటే ఆలస్యంగా ముసలివవుతాయి.

ఎంపికలో స్మాష్ వేగానికి మోజు పడకండి. ఒకరు వెనకనుంచి కొట్టడం ఇష్టపడితే ఇంకొకరు నెట్ దగ్గర ఉండటానికి ఇష్టపడాలి. మొదటి రోజే ఒకటి తేల్చుకోండి: ఇద్దరి మధ్యకి వచ్చే స్మాష్ ఎవరిది? కొట్టేవాడికి ఎదురుగా ఉన్నవాడు పక్క గీత కాస్తే, ఏటవాలుగా ఉన్నవాడు మధ్యకి జరిగి తీయడం సాధారణ పద్ధతి. ఒకరు ఎడమచేతివాటం అయితే ఇద్దరి ఫోర్‌హ్యాండ్లూ మధ్యకే వచ్చే సందర్భాలుంటాయి, ర్యాకెట్లు ఢీకొంటాయి. అలాంటప్పుడు "నాది" అని పైకే అరవడం మొదటి ప్రాక్టీసు నుంచే అలవాటు చేసుకోండి.