ముందు స్పీకర్లు, ఆనక రిసీవర్

చి. మేనల్లుడికి,

ఆశీస్సులు. హోమ్ థియేటర్ కోసం బరంపురంలో రిసీవర్ (స్పీకర్లన్నిటినీ పలికించే యాంప్లిఫయర్ పెట్టె) బేరం కుదిరింది, స్పీకర్లు తరవాత చూస్తానని రాశావు. ఆ వరస తిరగెయ్యి. ముందు గది, దానికి తగ్గ స్పీకర్లు, వాటికి తగ్గ రిసీవర్.

దుకాణంవాడు తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా అట్టపెట్టె మీది వాట్లే చెబుతాడు. నువ్వు స్పీకరు కాగితంలో సెన్సిటివిటీ అంకె చూడు. 87 డెసిబెల్స్ అంటే, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వినిపించే మోత. మీ హాల్లో సోఫాకీ స్పీకరుకీ 10 అడుగులుంటాయి, అంటే 3 మీటర్లు. అంతదూరం వచ్చేసరికి 9 డెసిబెల్స్ దాకా పోతాయి, గోడలు కొంత తిరిగిస్తాయనుకో. ప్రతి 3 డెసిబెల్స్‌కీ వాట్లు రెట్టింపు కావాలి. ఆ లెక్కన 16 వాట్లతో సోఫా దగ్గర సుమారు 90 వస్తుంది, పక్కింటివాళ్లు వచ్చి అడగడానికి అది చాలు. అదే మోతకి 84 స్పీకరైతే 32 వాట్లు లాగుతుంది, 90దైతే 8తో సరిపెడుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది: కొన్ని కంపెనీలు వాట్ బదులు 2.83 వోల్టులకి కొలుస్తాయి. 4 ఓమ్స్ (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకరు అడ్డుపడే కొలత, తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది) స్పీకరుకి అది రెండు వాట్లు, కాబట్టి ఆ అంకెలోంచి 3 తీసెయ్యి.

రిసీవర్ వాట్లు ఎలా కొలిచారో చదువు. "8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, రెండు ఛానెళ్లు, 0.08 శాతం డిస్టార్షన్" అని ఉంటే నమ్మొచ్చు, అంటే రెండు స్పీకర్లనీ ఒకేసారి, బేస్ నుంచి కీచు దాకా, శబ్దం దాదాపు చెడకుండా మోయించి కొలిచారన్నమాట. "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక ఛానెల్, 10 శాతం" అన్నదాన్ని పట్టించుకోకు. స్పీకరు 100 వాట్లు, రిసీవర్ 80 అని భయపడక్కర్లేదు. చిన్న రిసీవర్‌ని చివరిదాకా తిప్పి వింటేనే ముప్పు. దాని శక్తి చాలక శబ్ద తరంగం తల తెగి, ముందుగా ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకరు) కాలిపోతుంది.

ఓమ్స్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రిసీవర్ వెనక 6 నుంచి 16 అని ఉంటే 4 ఓమ్స్ స్పీకర్లు తగిలించకు. కరెంటు ఎక్కువ లాగి, వేడెక్కి, సినిమా మధ్యలో టక్కుమని ఆగిపోతుంది. మెనూలో 4 ఓమ్స్ సెట్టింగ్ పెడితే చాలామటుకు వోల్టేజీ తగ్గుతుంది తప్ప బలం రాదు. ఒకే ఛానెల్‌కి 8 ఓమ్స్‌వి రెండు ప్యారలల్‌గా (ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు) కలిపినా 4 అయిపోతుంది. పాత సెట్‌తో వచ్చిన బుల్లి స్పీకర్లు 3 ఓమ్స్‌వి కూడా ఉంటాయి, వాటిని అటకమీదే ఉంచు.

ముందువి రెండూ, మధ్యదీ ఒకే సిరీస్‌వి తీసుకో, మాట ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోయినప్పుడు గొంతు మారదు. వెనకవి చవకవైనా పర్లేదు. సబ్‌వూఫర్ (బేస్ కోసం వేరే పెట్టె) మటుకు సొంత యాంప్లిఫయర్ ఉన్నదే కొను. 80 హెర్ట్జ్ కిందిదంతా అది మోస్తే రిసీవర్‌కి సగం బరువు దిగినట్టే.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, వెనక స్పీకర్లకి దూరం ఎక్కువైతే 2.5. రాగిపూత అల్యూమినియం అంటగడతారు, గీరి చూడు, లోపల తెల్లగా ఉంటే వద్దను. చివర అరంగుళం ఒలిచి గట్టిగా పురి తిప్పు. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ ఆన్ అవ్వదు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, ఏడాదికోసారి చివర కత్తిరించి కొత్తగా ఒలుచు. రెండిట్లో ఒక స్పీకరుకి ఎరుపు నలుపు తారుమారైతే బేస్ మాయమై గొంతు గది అంతా చెదురుతుంది. అనుమానమొస్తే వైరు రిసీవర్ నుంచి విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని స్పీకరు ఎరుపుకి, మైనస్‌ని నలుపుకి లిప్తపాటు తాకించు. వూఫర్ (పెద్ద స్పీకరు) కోన్ బయటికి పొంగితే సరిగ్గా ఉన్నట్టు.

స్పీకర్లని సరిచూసుకోడానికి రిసీవర్‌తో వచ్చే సెటప్ మైకు సోఫాలో చెవి ఎత్తున స్టాండ్ మీద పెట్టు, చేత్తో పట్టుకోకు, ఫ్యాన్ ఆపు. సబ్‌వూఫర్ వాల్యూం సగంలో, దాని క్రాసోవర్ మీట (ఎన్ని హెర్ట్జ్ దాకా అది పలకాలో చెప్పేది) ఆఖరుకి. అయ్యాక మెనూ తెరిచి చూడు: ముందు స్పీకర్లని రిసీవర్ "లార్జ్" (బేస్ కూడా వాటికే) అని రాసేసుకుని ఉంటే "స్మాల్" చేసి 80 హెర్ట్జ్‌కి కట్టు, ఆ కిందిది సబ్‌వూఫర్‌కి పోతుంది.

బిల్లు కట్టేముందు రిసీవర్ వెనక 230 వోల్టులని ఉందో లేదో చూడు. చవగ్గా దొరికే అమెరికా సరుకు 120ది, ప్లగ్గు పెట్టగానే పోతుంది. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య